పెరటిలోనికి వచ్చిన కొత్త పెట్ట

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున, నాగపూరు రహదారిపై మేడ్చల్, కరీంనగరు రహదారిపై శామీర్‌పేట ఉన్నవి. ఆ ప్రాంతమున ఒకవైపు వేలకొలది కోళ్లను పెంచు షెడ్లు కానవచ్చును. వేరొకవైపు పాత ఇండ్ల పెరళ్లలో నాలుగైదు పెట్టలు, ఒక పుంజు తిరుగుచుండును. ఇట్టి చిన్న మందలోనికి మరియొక పెట్టను తెచ్చి విడుచుట చూచుటకు స్వల్పకార్యము. కాని మరునాటికే ఆ పెట్ట తల నెత్తురోడుచు మూల నక్కియుండుట కలదు. కొన్ని దినములకు మంద యంతయు తెగులు సోకి తలలు వాల్చుటయు కలదు. మొదటిది కలహము, రెండవది రోగము. ఈ రెండింటికిని తరచుగా తొందరపాటే కారణము.

కోళ్ల మందలో హెచ్చుతగ్గుల వరుస యున్నదని శాస్త్రీయముగా వివరించినవాడు నార్వే దేశీయుడైన తోర్లీఫ్ షెల్డెరుప్ ఎబ్బె. 1894లో జన్మించిన ఈయన బాల్యముననే పెట్టలను శ్రద్ధతో గమనించెడివాడు. పిదప 1922లో తన పరిశీలనలను ప్రకటించెను. ప్రతి పెట్టయు తనకంటె తక్కువదానిని పొడుచును, హెచ్చుదానికి దారి యిచ్చును. వరుస స్థిరపడిన పిమ్మట పోరు అరుదు. చిన్న బెదిరింపు చాలును. గింజల కడ ముందు చోటు, రాత్రి గూటిలో మంచి తావు ఈ వరుసనుబట్టియే లభించును. కోళ్లు ఒకదానినొకటి ముఖ్యముగా తలను, తురాయిని చూచి గుర్తించును. కనుక ఎరుగని తల కానవచ్చినంతనే లెక్క మరల తేలవలసియుండును. రాజేంద్రనగరులోని కోళ్ల పరిశోధన సంచాలకాలయము రూపొందించిన గ్రామప్రియ పెట్టయైనను, సంతలో కొన్న నాటుపెట్టయైనను, పరుల పెరటిలో మొదట బెదరుచునే యుండును.

అయినను తొలి జాగ్రత్త కలహమును గూర్చి కాదు, రోగమును గూర్చి. ఆరోగ్యముగా కనబడు కోడియు తెగులును మోసుకొని రావచ్చును. మన దేశమున 1927లో రాణీఖేతు పట్టణమున గుర్తింపబడి ఆ పేరనే ప్రసిద్ధమైన కొక్కెర తెగులు టీకా లేని మందను తుడిచిపెట్టగలదు. కావున కొత్త పెట్టను మూడు నాలుగు వారములు దూరముగా ఉంచవలెను. దాని నీళ్ల మూకుడు వేరుగా ఉండవలెను. ముందుగా ఇంటి కోళ్లకు మేత వేసి, ఆ తరువాతనే దాని కడకు పోవలెను. ఈ గడువులోనే పశువైద్యశాలలో విచారించి టీకా వేయించుట మేలు.

పిదప పరిచయము. పెరటి నడుమ వలకంచె కట్టి, లేదా గాలి, వెలుతురు బాగుగా సోకు పెద్ద గంప క్రింద, నీడపట్టున, దానిని పగటివేళ వారము దినములుంచవలెను. పాత పెట్టలు చుట్టును తిరుగును, చూచును, కాని పొడువలేవు. గంప ప్రక్కనే గింజలు చల్లినచో రెండు పక్షములును దగ్గరగా మేయుట అలవడును. అటుపై ఒక రాత్రి, అన్నియు నిద్రించునపుడు, దానిని గూటిలో చేర్చవచ్చును. చీకటిలో కోళ్లు పోరాడవు. అసలు పరీక్ష తెల్లవారిన పిమ్మటనే. ఆ ఉదయము యజమాని దగ్గర నుండవలెను. నూకలు, నీళ్లు రెండు మూడు చోట్ల పెట్టవలెను. దాగుటకు ఒక తట్టయో, కట్టెల మోపో అడ్డముగా ఉండవలెను. ఒక్క పెట్టకు బదులు రెండింటిని కలిపి తెచ్చినచో పోట్లు పంచుకొనబడును.

రెండు మూడు పోట్లకు అడ్డుపడరాదు. వరుస తేలకున్న కలహము తెగదు. కాని నెత్తురు కనబడినచో ఉపేక్ష తగదు. ఎర్రదనము కోళ్లను మరల మరల పొడిపించును. గాయపడినదానిని వెంటనే వేరుచేసి, మానిన పిదపనే తిరిగి కలుపవలెను. ఒకే పెట్ట వేధించుచున్నచో దానినే కొన్ని దినములు గంప క్రింద నుంచుట యుక్తము. తిరిగి వచ్చునప్పటికి దాని పెత్తనము కొంత సడలును.

ఏ పెట్ట దేనిని పొడిచినది, ఏది తప్పుకొన్నది, ఈ రెండు విషయములను పెరటి గుమ్మమున కూర్చుండి విద్యార్థులు వారము దినములు వ్రాసికొనవచ్చును. ఇందుకు పలక, బలపము చాలును. కొన్నాళ్లకు గింజలు చల్లినపుడు కొత్త పెట్టయు మందతోపాటు అంచున నిలిచి మేయును. ఆ దినమున గంపను గోడకు ఆనించవచ్చును.