ఇల్లు తర్వాత, ముందు నేల

అమ్మలూ, నువ్వు పంపిన ఇళ్ళ ఫోటోలన్నీ చూశాను. ఒకదాంట్లో వంటింటి రాతి పొయ్యి, ఒకదాంట్లో గులాబీ తీగ పాకిన గోడ, ఇంకోదాంట్లో ఆపిల్ చెట్లు. బావున్నాయి. లండన్ వదిలేసి, నీ ఆడగుర్రాన్నీ పాప పోనీనీ వెంటబెట్టుకుని పల్లెకు పోదామన్న ఆలోచన కూడా బావుంది. కానీ ఒక్క ఫోటోలోనూ పొలం సరిగా కనపడలేదు. కనపడ్డ చోటల్లా ఎండలో మెరిసే పచ్చగడ్డే. అవి జూన్‌లో తీసిన ఫోటోలు. జూన్‌లో ఇంగ్లండ్‌లో ఏ పొలం అందంగా ఉండదు చెప్పు? గుర్రాలు ఉండేది వంటింట్లో కాదు కదా, ఏడాది పొడుగునా ఆ పొలంలోనే నిలబడాలి. అందుకని పశువుల డాక్టరుగా పనిచేసిన ఈ తాతయ్య మొదటి ప్రశ్న ఒకటే: ఆ గడ్డి కింద ఏముంది?

చిన్న లెక్క వేద్దాం. గుర్రం బరువు 500 కిలోలనుకో. గిట్ట అడ్డం పన్నెండు, పదమూడు సెంటీమీటర్లు. నాలుగు గిట్టలూ కలిపి నేలకు ఆనేది 500 చదరపు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. అంటే ఊరికే నిలబడ్డా చదరపు సెంటీమీటరుకు కిలో బరువు. నీ బూట్ల కింద అందులో ఐదో వంతు పడితే ఎక్కువ. అదే గుర్రం దౌడు తీస్తే, ఒక్కో క్షణంలో ఒంటి బరువుకు రెండున్నర రెట్లు ఒక్క కాలి మీదే పడుతుంది. తడి నేల ఆ దెబ్బకు ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఏమవుతుందన్నది మట్టిని బట్టి ఉంటుంది. బంకమట్టి రేణువులు గుండ్రంగా ఉండవు. తమలపాకుల కట్టలాగా పలచటి రేకులు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయి. నీళ్ళు ఆ రేకుల మధ్య చేరాయంటే ఒక పట్టాన వదలవు. మీ లండన్ చుట్టూ ఉన్నది ఈ మట్టే. దానికి దక్షిణాన కెంట్, ససెక్స్ మధ్య వీల్డ్ అనే పల్లపు ప్రాంతంలోనూ ఇదే. మన గుంటూరు నల్లరేగడి నీకు తెలుసుగా, ఎండాకాలం కాలు పట్టేంత బీటలు, వాన పడితే చెప్పు ఊడొచ్చేంత జిగట. రంగు వేరైనా గుణం అదే. వీల్డ్‌కు రైలు సౌకర్యం ఉంది, లండన్ దగ్గర, కనక ఇళ్ళ ఏజెంట్లు నీకు ముందు చూపించేవీ అవే.

ఇప్పుడొక చిత్రం చెప్తాను. మీ దేశంలో వానలు ఎక్కువని అందరూ అంటారు. పశ్చిమాన లేక్ డిస్ట్రిక్ట్, వేల్స్ కొండల్లో నిజంగానే విపరీతం. కానీ తూర్పున కేంబ్రిడ్జ్ దగ్గర ఏడాదికి పడే వానా, మన అనంతపురంలో పడే వానా దాదాపు ఒకటే. రెండుచోట్లా 550, 600 మిల్లీమీటర్ల మధ్యే! మరి అక్కడ బురద, ఇక్కడ కరువు ఎందుకు? పడిన వాన ఎంతన్నది సగం లెక్కే. తిరిగి ఆవిరయ్యేది ఎంతన్నది మిగతా సగం. అనంతపురం ఎండకు నీళ్ళు నిలవవు. ఇంగ్లండ్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సూర్యుడు ఆకాశం అంచున తిరిగి వెళ్ళిపోతాడు. డిసెంబరు చివర లండన్‌లో పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. ఆ రోజుల్లో నేల నుంచి ఆవిరయ్యేది నామమాత్రం. చినుకు చినుకే పడ్డా పడిందంతా మట్టిలోనే కూర్చుంటుంది. కిందికైనా దిగాలి, లేకపోతే పైన బురదగానైనా ఉండాలి.

బంకమట్టి కిందికి దిగనివ్వదు. గేటు దగ్గరా నీళ్ళతొట్టి దగ్గరా గుర్రాలు మసలి మసలి మోకాలి లోతు ఊబి చేస్తాయి. రోజులతరబడి తడిసిన చర్మం మెత్తబడి, బాక్టీరియా లోపలికి దూరి, గిట్టల పైన కాళ్ళు పుండ్లు పడతాయి. దాన్ని అక్కడ మడ్ ఫీవర్ అంటారు.

ఇంతకీ మంచి నేల ఎక్కడుందంటావా? సుద్ద మీద. బడిలో బోర్డు మీద రాసే సుద్ద అనుకో. దక్షిణాన డోర్సెట్ దగ్గర మొదలై, విల్ట్‌షైర్, బర్క్‌షైర్ డౌన్స్, చిల్టర్న్ కొండల మీదుగా న్యూమార్కెట్, నార్ఫోక్ దాకా ఏటవాలుగా ఒక తెల్లని పట్టీ సాగుతుంది. డైనోసార్ల కాలంలో అదంతా వెచ్చటి సముద్రం. అందులో తేలే కంటికి కనపడని నాచుజీవులు చచ్చి, వాటి సున్నపు పెంకులు అడుక్కి చేరాయి. వెయ్యేళ్ళకు పేరుకున్నది ఒకటి రెండు సెంటీమీటర్లే. ఆ లెక్కన వందల మీటర్ల మందం పేరుకుందంటే ఎన్ని కోట్ల ఏళ్ళు పట్టిందో చూసుకో. ఆ సుద్ద నిండా సన్నటి పగుళ్ళు. పడిన వాన పడినట్టే కిందికి జారిపోతుంది. పైన పలచటి మట్టి, పొట్టి గడ్డి, వానాకాలంలోనూ గట్టిగా, కాస్త సాగుతున్నట్టుండే నేల. ఇంగ్లండ్ పందెపుగుర్రాల ఊళ్ళలో పేరున్న రెండూ, అంటే న్యూమార్కెట్, లాంబోర్న్, ఈ పట్టీ మీదే ఉన్నాయి. రాజు రెండో చార్లెస్ 1660లలో న్యూమార్కెట్‌కు పందాల కోసం వచ్చేవాడట, ఆయనకు భూగర్భశాస్త్రం తెలీదు, గుర్రానికి తెలుసు! లాంబోర్న్‌కు కాస్త ఉత్తరాన అఫింగ్టన్ కొండ వాలు మీద 110 మీటర్ల గుర్రం బొమ్మ చెక్కి, గాడుల్లో సుద్ద నింపి ఉంటుంది. సుమారు మూడువేల ఏళ్ళనాటిది. తప్పకుండా పాపకు చూపించు.

సుద్దలోనూ తిరకాసులున్నాయి. చిల్టర్న్ కొండల నెత్తిన చాలాచోట్ల సుద్ద మీద చెకుముకి రాళ్ళు కలిసిన బంకమట్టి టోపీ ఉంది. కనక ‘చిల్టర్న్స్’ అన్న పేరు చూసి మురిసిపోకు. ఇక కొండ మీద నీళ్ళు నిలవవు కాబట్టి చెరువులూ వాగులూ ఉండవు. పాత ఊళ్ళన్నీ కొండ అడుగున, ఊటలు బయటికొచ్చే గీత వెంట వరసగా కట్టుకున్నారు. పొలంలోకి నీళ్ళ పైపు ఉందో లేదో అడుగు. ఒక్కో గుర్రం రోజుకు 25 నుంచి 50 లీటర్లు తాగుతుంది. బకెట్లతో మోస్తానంటే జనవరిలో నీ నడుము సంగతి చూసుకో.

సరే, గడ్డి. మనవాళ్ళు ‘గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు’ అంటారు. అక్కడ బాధ తిండి లేకపోవడం కాదు, ఎక్కువైపోవడం. గుర్రం కడుపు చిన్నది, పదీ పదిహేను లీటర్లు. పైగా దానికి వాంతి చేసుకునే వీలే లేదు. అందుకే రోజులో పదహారు గంటలు కొంచెం కొంచెంగా మేస్తూనే ఉంటుంది. ఆ పీచును అరిగించేది వెనక పేగుల్లోని సూక్ష్మజీవులు. పీచు ఎక్కువ, చక్కెర తక్కువ ఉన్న గరుకు గడ్డి దానికి అలవాటు. పాడి ఎక్కువగా ఉన్న చెషైర్, సోమర్‌సెట్ వైపు పొలాల్లో ఉండేది ఆవు పాలు పెరగడానికి ఎరువులేసి పెంచిన రై గడ్డి. దాన్నిండా చక్కెరే. పోనీలు మోటు కొండల మీద పుట్టిన జాతులు, దొరికిన కాస్తా దాచుకునే ఒళ్ళు వాటిది. అలాంటి పొలంలో వదిలితే రక్తంలో ఇన్సులిన్ పెరిగిపోతుంది. గిట్ట లోపలి ఎముకను గిట్ట గోడకు పట్టి ఉంచే సన్నటి పొరలు ఆ ఇన్సులిన్‌కు దెబ్బతిని వదులైపోతాయి. ఎముక కిందికి జారుతుంది. లామినైటిస్ అంటే అదే. ఒకసారి చూస్తే మర్చిపోలేం. గుర్రం ముందుకాళ్ళు చాచి, బరువంతా వెనక్కి వేసి, అడుగు వేయమంటే వేయదు.

మంచు కురిసిన ఉదయాలు ఇంకా మోసం. పగలు ఎండ కాసినప్పుడు గడ్డి చక్కెర తయారు చేస్తుంది, రాత్రి దాన్ని ఖర్చు పెట్టి పెరుగుతుంది. రాత్రి ఐదు డిగ్రీలకు దిగువకు పోతే పెరగడం ఆగిపోతుంది. తయారైన చక్కెర ఆకులోనే ఉండిపోతుంది. తెల్లారి ముద్దుగా మెరిసే ఆ గడ్డి పోనీకి చేటు. కనక ‘పచ్చిక చాలా సారవంతం’ అని ఏజెంటు చెబితే ధర తగ్గించమని అడుగు, నవ్వుకుంటాడులే. గుర్రానికి ఎకరం నుంచి ఎకరన్నర చాలని బ్రిటిష్ హార్స్ సొసైటీ చెబుతుంది. నీకు మూడెకరాలుంటే సుఖం, అందులో ఎకరం చలికాలంలో తొక్కి పాడుచేసుకోవడానికి వదిలెయ్.

తర్వాత చెట్లు చూడు. కంచె వెంట సికమోర్ చెట్లున్నాయా? ఐదు కోణాల ఆకు, రెక్కల గింజలు, శరత్కాలంలో గిరగిరా తిరుగుతూ రాలతాయి. పిల్లలకు సరదా, గుర్రానికి ప్రాణాంతకం. ఆ గింజల్లో, వసంతంలో మొలిచే వాటి మొక్కల్లో హైపోగ్లైసిన్ అనే పదార్థం ఉంటుంది. కండరాలు కొవ్వును మండించి శక్తి తీసుకునే దారిని అది మూసేస్తుంది. గుర్రాన్ని నిలబెట్టే కండరాలూ, గుండె కండరమూ చివికిపోతాయి, మూత్రం కాఫీ రంగులో వస్తుంది. చాలా గుర్రాలు బతకవు.

ఈ విషం మనకు కొత్తది కాదు. బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో వేసవిలో పిల్లలు తెల్లారేసరికి ఫిట్స్ వచ్చి చనిపోతుంటే, ఎందుకో చాలాకాలం అంతుపట్టలేదు. రాత్రి అన్నం తినకుండా, పగలంతా తోటల్లో రాలిన లిచీ పళ్ళు తిన్న పిల్లల్లో రక్తంలో చక్కెర పడిపోయిందని 2014లో పరిశోధకులు గమనించి, 2017లో ప్రచురించారు. లిచీలో ఉన్నది ఈ హైపోగ్లైసినే, దాని చుట్టమూ. సికమోర్, లిచీ, మన తలంటు కుంకుడు, మూడూ ఒకే కుటుంబం చెట్లు. పక్కింటివాళ్ళ చెట్టైనా సరే, గింజ గాల్లో నీ పొలంలోకి వస్తుంది. కనక కంచె బయటికి కూడా తల తిప్పి చూడు.

పసుపు పూల రాగ్‌వర్ట్ గురించి రెండు మాటలు. పచ్చిగా ఉంటే చేదు, గుర్రం ముట్టదు. ఎండుగడ్డిలో కలిస్తే చేదు పోతుంది, విషం మాత్రం ఉంటుంది, కాలేయాన్ని నెమ్మదిగా తినేస్తుంది. గుర్రాలు తొక్కి గడ్డి లేచిపోయిన బోడి నేల మీదే ఇది బాగా మొలుస్తుంది. చూశావా, మళ్ళీ బురద దగ్గరికే వచ్చాం.

మీ ఆయన స్కాట్లండ్ అంటున్నాడట. అందం సంగతి సరే. పడమటి తీరపు బురదనేలల్లో మిడ్జ్ అనే నుసి ఉంటుంది. ఆ జాతి కుడితే కొన్ని గుర్రాలకు జూలూ తోకా రాచుకుని రాచుకుని పుండ్లు పడేంత అలర్జీ. ఐస్‌లండ్‌లో ఇటీవలి దాకా ఈ నుసి లేకపోవడం వల్ల అక్కడి గుర్రాలు పుట్టినచోట హాయిగా ఉండి, యూరప్‌కు అమ్మితే చాలావాటికి ఈ దురద పట్టుకుంటుంది. నుసి గాలికి ఎగరలేదు. కాబట్టి గాలి తగిలే మెట్ట మేలు, చెట్ల నీడనున్న పల్లం వద్దు. తూర్పు స్కాట్లండ్ అంటే అక్కడ ఇంకో భయం ఉంది. గ్రాస్ సిక్‌నెస్ అనే జబ్బు 1900ల మొదటి దశకంలో ఆంగస్ జిల్లాలో బయటపడింది. పేగులను నడిపే నరాలు చచ్చుబడిపోతాయి, ఎక్కువగా చావే. నూరేళ్ళు దాటినా కారణం తేలలేదు. తేలింది మాత్రం ఏమంటే, వసంతకాలంలో ఎక్కువ, పడుచు గుర్రాలకు ఎక్కువ, ఒకసారి వచ్చిన పొలంలో మళ్ళీ వస్తుంది, ఆ పొలానికి కొత్తగా వచ్చిన గుర్రాలకు మరీ ప్రమాదం. నువ్వు తీసుకెళ్ళేవి కొత్త గుర్రాలే కదమ్మా. ‘ఈ పొలంలో ఎప్పుడైనా వచ్చిందా’ అని అమ్మేవాణ్ణి కాదు, పక్క పొలం వాణ్ణి అడుగు.

స్వారీకి దారులు చూసుకో. ఇంగ్లండ్‌లో పొలాల మధ్య బాటలు బోలెడున్నా గుర్రాన్ని రానిచ్చేవి సుమారు ఐదో వంతే. సౌత్ డౌన్స్ వే అనే 160 కిలోమీటర్ల బాట గుర్రాలకూ తెరిచి ఉంది, అదీ సుద్ద మీదే. స్కాట్లండ్‌లో 2003 చట్టం ప్రకారం మర్యాదగా వెళితే దాదాపు ఎక్కడైనా తిరగొచ్చు, ఆ విషయంలో మీ ఆయనదే గెలుపు. ఇంగ్లండ్‌లో వ్యవసాయ భూమి కొంటే మేపుకోవచ్చు గానీ, స్వారీ కోసం వాడుకోవాలంటే స్థానిక కౌన్సిల్ అనుమతి కావాలి.

ఇక వెళ్ళే రోజు. ముందు బ్రిటిష్ జియలాజికల్ సర్వే పటం ఇంట్లోనే చూసుకో, ఉచితం. తర్వాత ఫిబ్రవరిలో, వాన పడిన మర్నాడు వెళ్ళు. గేటు దగ్గర నేల చూడు. జమ్ములాంటి పొడుగు గడ్డి గుబుర్లుంటే అక్కడ నీళ్ళు నిలుస్తాయని అర్థం. చారెడు తడిమట్టి తీసి వేళ్ళ మధ్య నొక్కి రిబ్బనులా సాగదీయి. పొడుగ్గా తెగకుండా సాగితే బంకమన్ను, పొడిపొడిగా రాలితే ఇసుక.

ఇంకొకటి, సంతకం పెట్టకముందే నాడాలు కొట్టేవాణ్ణి వెతుక్కో. ఆరేడు వారాలకోసారి రావాలి అతను, మంచివాళ్ళ దగ్గర కొత్తవాళ్ళకు ఖాళీ ఉండదు. పైగా చుట్టుపక్కల గుర్రాలన్నిటి గిట్టలూ చేత్తో పట్టుకుని చూసే మనిషి. ఏ పొలం గుర్రాలకు గిట్టలు మెత్తబడ్డాయో, ఏ పొలం పోనీ కుంటుతోందో అతనికి తెలిసినంత ఏ ఏజెంటుకూ తెలీదు. టీ ఇచ్చి కూర్చోబెట్టి అడుగు, చెబుతాడు.