టోల్ వసూలులో నంబరు ప్లేటు గుర్తింపు

4.3.1 గేటు ఎందుకు ఉంది?

మీరు సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్ దగ్గర బయలుదేరి, మేడ్చల్ మీదుగా 44వ జాతీయ రహదారిపై నాగ్‌పూర్ వైపు వెళ్తున్నారనుకోండి. మనోహరాబాద్ టోల్ ప్లాజా దగ్గర, కారు అద్దానికి ఫాస్టాగ్ ఉన్నా సరే, వేగం తగ్గించాలి. ముందున్న లారీ కదిలేదాకా ఆగాలి.

ఫాస్టాగ్‌లో బ్యాటరీ ఉండదు. రీడరు పంపే రేడియో తరంగాల నుంచే అందులోని చిప్ శక్తిని తీసుకొని, తన సంఖ్యను తిరిగి పంపుతుంది. ఆ సంఖ్యతో ముడిపడిన ఖాతా నుంచి రుసుము తీసుకుంటారు. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి జాతీయ రహదారుల టోల్ ప్లాజాల్లో అన్ని వరుసలనూ ఫాస్టాగ్ వరుసలుగా ప్రకటించారు. అయినా గేటు పోలేదు. ట్యాగ్ లేని బండి, ఖాతాలో డబ్బు లేని బండి కూడా వస్తాయి కదా! ఆ కొన్నింటిని ఆపడం కోసం మిగతా అందరూ నెమ్మదించాల్సి వస్తోంది.

గేటు తీసెయ్యాలంటే, రుసుము చెల్లించకుండా వెళ్ళిన బండి ఎవరిదో తర్వాతైనా తెలియాలి. అందుకు మిగిలిన ఆధారం నంబరు ప్లేటు.

4.3.2 కెమెరా ప్లేటును ఎలా చదువుతుంది?

రోడ్డుకు అడ్డంగా ఎత్తులో కట్టిన ఇనుప చట్రాన్ని గ్యాంట్రీ అంటారు. దానిపై ఉన్న కెమెరా, కదిలే బండి మసకబారకుండా అతి తక్కువ సమయంలో ఫొటో తీస్తుంది. రాత్రిపూట పరారుణ కాంతి సాయపడుతుంది. ఆ ఫొటోలో ప్లేటు ఎక్కడుందో సాఫ్ట్‌వేర్ మొదట వెతుకుతుంది. వంకరగా ఉంటే సరిచేస్తుంది. తర్వాత ఒక్కొక్క అక్షరాన్ని, అంకెను గుర్తించి, ఆ గుర్తింపుపై తనకెంత నమ్మకం ఉందో కూడా లెక్కగడుతుంది.

ఇక్కడ ప్లేటు నమూనా బాగా పనికొస్తుంది. సికింద్రాబాద్ రవాణా కార్యాలయం కోడ్ 'టీజీ 10' తీసుకోండి. (అదే కార్యాలయానికి చెందిన ఏపీ 10, టీఎస్ 10 బండ్లు కూడా మన రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. 'టీజీ' వచ్చింది 2024 మార్చిలోనే.) ఇంగ్లీషు 'జీ' అక్షరం యంత్రానికి 6 లాగా కనిపించవచ్చు. కానీ మొదటి రెండు స్థానాల్లో అక్షరాలే ఉండాలన్న నియమం తెలుసు కాబట్టి, యంత్రం తన పొరపాటును తానే దిద్దుకుంటుంది. సున్నాతో, ఒకటితో కలిసిపోయే 'ఓ', 'ఐ' అక్షరాలను మన నంబరు సిరీస్‌లలో వాడరు. ఇది యంత్రాల కంటే ముందు మనుషుల కళ్ళ కోసం పెట్టుకున్న జాగ్రత్త అనుకోవచ్చు.

చివరి నాలుగు అంకెల దగ్గరే అసలు చిక్కు. అక్కడ 8ని 3గా చదివితే నియమమేదీ అడ్డుపడదు, రెండూ చెల్లే నంబర్లే. అప్పుడు గుజరాత్‌లో టోల్ దాటిన బండి తాలూకు నోటీసు, బోయిన్‌పల్లిలో ఇంటి ముందు నిలిపి ఉంచిన కారు యజమానికి వస్తుంది.

4.3.3 99 శాతం అంటే ఎంత?

ఒక్కొక్క అక్షరాన్ని 99 శాతం కచ్చితత్వంతో చదివే యంత్రం మంచిదే అనిపిస్తుంది. అయితే ప్లేటు మీద ఉండేవి 10 గుర్తులు. ఒక గుర్తులో జరిగే పొరపాటుకు మరో గుర్తులోని పొరపాటుతో సంబంధం లేదనుకుంటే, పదీ సరిగా చదివే సంభావ్యత 0.99ని పదిసార్లు గుణించగా వచ్చేది, అంటే సుమారు 0.904. ప్రతి 100 ప్లేట్లలో తొమ్మిదీ పదీ తప్పు! కచ్చితత్వాన్ని 99.9 శాతానికి పెంచినా 100కి ఒకటి తప్పుతుంది. రోజుకు 20,000 బండ్లు వెళ్ళే రోడ్డు మీద అది 200 తప్పులు. పైన చెప్పిన నియమాలు వీటిలో కొన్నింటిని దిద్దుతాయి, అన్నింటినీ కాదు.

బురద పట్టిన ప్లేటు, సోకు కోసం మెలికలు తిప్పి రాయించిన అంకెలు ఈ లెక్కను ఇంకా దిగజారుస్తాయి. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త వాహనాలకు తప్పనిసరి చేసిన హై సెక్యూరిటీ ప్లేట్లలో అక్షరాల తీరు ఒకేలా ఉంటుంది కనుక చదవడం తేలిక. దొంగ ప్లేటు తయారుచేయడమూ కష్టం.

4.3.4 ఒకటి కాదు, రెండు ఆధారాలు

అందుకే చాలాచోట్ల ప్లేటును ఒక్కదాన్నే నమ్ముకోలేదు. కెనడాలోని టొరంటో దగ్గర 1997లో ప్రారంభమైన 407 రహదారికి టోల్ బూత్‌లే లేవు. అక్కడ ట్యాగ్ ఉన్న బండిని ట్యాగ్‌తో, లేని బండిని ప్లేటుతో గుర్తిస్తారు. మన దేశంలోనూ అదే దారి. 2025 ఏప్రిల్‌లో కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ, ఎంపిక చేసిన ప్లాజాల్లో ఫాస్టాగ్‌ను, ప్లేటు గుర్తింపును కలిపి గేటు లేని వసూలు తెస్తామని ప్రకటించింది. గుజరాత్‌లో 48వ జాతీయ రహదారిపై ఉన్న చోర్యాసీ ప్లాజా కోసం 2025 ఆగస్టు 30న మొదటి ఒప్పందం కుదిరింది.

ట్యాగ్ చెప్పిన నంబరు, కెమెరా చదివిన నంబరు ఒకటే అయితే పని అయిపోయినట్లే. రెండూ కలవకపోతే ఫొటోను మనిషి చూడాలి. బండి రకం, రంగు రిజిస్ట్రేషన్ రికార్డుతో సరిపోవాలి. ఈ సరిపోల్చడానికి రికార్డు అందుబాటులో ఉండాలి కదా! తెలంగాణ చాలా ఏళ్ళు తన వాహనాల వివరాలను జాతీయ 'వాహన్' వ్యవస్థలో కాక సొంత వ్యవస్థలోనే ఉంచుకుంది. ఈ పరిశీలన ఖర్చుతో కూడినది. దాన్ని మిగుల్చుకోవాలని నోటీసును నేరుగా పంపిస్తే, ఆ భారం తప్పు చేయని యజమాని మీద పడుతుంది. తాను ఆ రోడ్డు మీద లేనని అతడే నిరూపించుకోవాలి. గేటు దగ్గర వివాదం వస్తే అక్కడికక్కడే తేలేది. గేటు లేనిచోట ఫొటో తప్ప మరో సాక్షి ఉండదు, కాబట్టి నోటీసుతో పాటు ఆ ఫొటో, సమయం, స్థలం యజమానికి అందాలి.

అభ్యాసం: సికింద్రాబాద్‌లో సొంత వాడకానికి రిజిస్టరైన ఒక కారు యజమానికి టోల్ నోటీసు వచ్చింది. జతచేసిన ఫొటోలో ప్లేటు పసుపు రంగులో ఉంది. చివరి అంకె మీద బురద ఉంది. ఆయన అభ్యంతరంలో ఏయే అంశాలు రాయాలి? యంత్రం ఏ దశలో ఈ నోటీసును ఆపగలిగేది?