బిడ్డ చూపు నిలవకపోతే

బిడ్డకు మూడో నెల వస్తుంది. అమ్మ ముఖం చూసి నవ్వుతుంది. దీపం ఎటు తిప్పితే అటు చూస్తుంది. కొందరు బిడ్డలు అట్లా చూడరు. కంటిపాపలు ఒకచోట నిలవవు. అటూ ఇటూ ఊగుతుంటాయి. పైకి చూస్తే కన్ను బాగానే ఉంటుంది. పువ్వు లేదు, ఎరుపు లేదు. మరి లోపం ఎక్కడ?

కంటి వెనక ఉండొచ్చు.

మదనపల్లె టమోటాలు అందరికీ తెలుసు. టమోటాకు తొడిమ అతుక్కున్న చోటు ఉంటుంది కదా! కంటికీ వెనకవైపు అట్లాంటి చోటు ఉంది. అక్కడి నుంచి ఒక నరం మెదడుకు పోతుంది. అదే చూపునరం. పట్టుదారంలో సన్నని పోగులు కలిసినట్టు ఇందులో సుమారు 10 లక్షల పోగులు ఉంటాయి. కంట్లో పడిన బొమ్మను ఇవే మెదడుకు చేరుస్తాయి.

కొందరికి తల్లి కడుపులోనే ఈ నరం సరిగా ఏర్పడదు. పోగులు తగ్గి సన్నగా ఉంటుంది. ఇంకొందరికి నరం మొదలయ్యే చోట గుంట ఉంటుంది. లోపం ఒక కంటికే ఉంటే మెల్లకన్ను రావచ్చు.

మెదడుకూ సంబంధం ఉంది

కడుపులో కన్ను, మెదడు కలిసే తయారవుతాయి. అందుకే ఇట్లాంటి బిడ్డల్లో కొందరికి మెదడులోనూ లోపం ఉంటుంది. అందరికీ కాదు. మెదడు కింద శనగగింజంత గ్రంథి ఉంది. పేరు పిట్యూటరీ. బిడ్డ ఎదుగుదల, ఒంట్లో చక్కెర నిలకడ దీని మీద ఆధారపడతాయి. ఈ గ్రంథి సరిగా పనిచేయకపోతే బిడ్డ పొట్టిగా ఉండిపోతుంది. జ్వరం, వాంతులు వచ్చినప్పుడు సొమ్మసిల్లుతుంది. ప్రాణానికే ముప్పు. అప్పుడు ఆలస్యం చేయరాదు. వెంటనే ఆసుపత్రికి పోవాలి. చూపునరం లోపం సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

తల్లి తప్పు కాదు

"గ్రహణం నాడు కూరగాయలు కోసింది, అందుకే ఇట్లా పుట్టింది" అని కోడలిని తిడతారు. అది నిజం కాదు. గ్రహణానికీ ఈ లోపానికీ సంబంధం లేదు. కంట్లో ఆముదం, ఆకుపసరు పోస్తే నరం పెరగదు. కన్నే చెడిపోవచ్చు.

ఏం చేయాలి?

మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. కుప్పంలో పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఆసుపత్రి కూడా ఉంది. తిరుపతిలో అరవింద్ కంటి ఆసుపత్రి, స్విమ్స్ ఉన్నాయి. డాక్టరు చుక్కలు వేసి కంటి వెనక భాగం చూస్తారు. అవసరమైతే మెదడుకు ఎం.ఆర్.ఐ. తీయిస్తారు. రక్తపరీక్ష చేయిస్తారు.

పోయిన నరాన్ని తెప్పించే మందు లేదు. "ఆపరేషన్‌తో చూపు తెప్పిస్తాం" అంటే నమ్మి పొలం అమ్ముకోవద్దు. గ్రంథి లోపానికి మాత్రం మందులు ఉన్నాయి. రోజూ తప్పకుండా వాడితే బిడ్డ ఎదుగుతుంది, ప్రాణం నిలుస్తుంది. ఉన్న కొద్ది చూపునూ కళ్లద్దాలతో కాపాడుకోవచ్చు. రంగురంగుల బొమ్మలు దగ్గరగా చూపాలి. పేరు పెట్టి పిలుస్తూ, వస్తువులు తాకిస్తూ ఆడించాలి. బడిలో ముందు వరసలో కూర్చోబెట్టించాలి. సదరం సర్టిఫికెట్టుకు దరఖాస్తు పెట్టాలి.

చూపు తక్కువైనా బిడ్డ చదువు ఆగకూడదు.

మాట్లాడుకోండి:
1. మీ వీధిలో మూడు నెలలు దాటినా అమ్మ ముఖం చూడని బిడ్డ ఉందా?
2. ఆ తల్లిని ఎవరైనా నిందిస్తే మీరు ఏం చెబుతారు?