వీడియో కూర్పునకు ఎట్టి కంప్యూటరు కొనవలెను?

వార్షికోత్సవ దినములు సమీపించినపుడెల్ల తల్లిదండ్రులలో కొందరు మమ్ము ఒక ప్రశ్న అడుగుచుందురు. "ఇంటిలో హై డెఫినిషన్ వీడియో కెమెరా యున్నది. పిల్లల నాటకములు, అవ్వ చెప్పిన కథలు, పెండ్లి పాటలు అందులో పట్టి యుంచితిమి. వానిని చక్కగా కూర్చుకొనుటకు ఎట్టి కంప్యూటరు కొనవలెను?" అని. అంగడివాని నడిగినచో ఉన్నవానిలో వెల యెక్కువైన దానిని చూపును. అతని వ్యాపారము అతనిది. మా అభిప్రాయములో, యంత్రపు వెల విచారించుటకు ముందు ఆ కెమెరా చిత్రమును ఏ రీతిగా దాచుచున్నదో తెలిసికొనుట మేలు. అది తెలిసినచో డబ్బు ఎచ్చట పెట్టవలెనో, ఎచ్చట పెట్టనక్కరలేదో తేటపడును.

ఈ కెమెరాలలో ఒక్కొక్క చిత్రము అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలతో ఏర్పడును. మొత్తము 20 లక్షలకు పైబడిన చుక్కలు. మన దేశమున అమ్మిన కెమెరాలు సెకనుకు 25 చిత్రముల లెక్కను అనుసరించును. చుక్కకు 3 బైట్ల చొప్పున లెక్కించినచో సెకనుకు సుమారు 155 మెగాబైట్లు, గంటసేపటి నాటకమునకు సుమారు 560 గిగాబైట్లు కావలసియుండును. అంత సరకు ఆనాటి వేలిగోరంత కార్డులో ఇమడెడిది కాదు గదా! కావున 2006లో సోనీ, పానసోనిక్ సంస్థలు కలిసి ఏవీసీహెచ్‌డీ అను కుదింపు పద్ధతిని ప్రకటించినవి. తరువాత వచ్చిన ఇంటి కెమెరాలలో పెక్కు దీనినే అవలంబించినవి. సెకనుకు 24 మెగాబిట్ల చొప్పున పట్టినను గంటకు 11 గిగాబైట్లకు మించదు. అనగా ఉన్నదానిని సుమారు 50వ వంతునకు కుదించుచున్నదన్నమాట.

ఈ కుదింపు మర్మము పద్దు పుస్తకము నెరిగిన ఇండ్లవారికి సులభముగా బోధపడును. వ్యాపారి ప్రతి దినమును తన ఆస్తి యంతయు మరల వ్రాయడు. నెల మొదట నిలువ వ్రాసికొని, ఆపైన ఏనాటి జమ ఖర్చులు ఆనాడు వేయుచుండును. కెమెరా చేయునదియు అట్టిదే. సుమారు అర సెకనుకు ఒకమారు చిత్రమును పూర్తిగా దాచి, నడుమ వచ్చు చిత్రములకు మారిన భాగమును మాత్రమే దాచును. కొన్ని చిత్రములు తమ వెనుకటివానినే గాక, ముందు రానున్న వానిని గూడ ఆధారము చేసికొనును. ఏ గుమస్తాయు ఇట్లు పద్దు వ్రాయగా మేమెరుగము!

ఊరక చూచుటకైనచో లెక్క వరుసగా ముందుకు సాగును గనుక యంత్రమునకు శ్రమ లేదు. కూర్పు చేయువాని సంగతి వేరు. పిల్లవాడు తెర చాటునుండి అడుగు పెట్టిన ఆ యొక్క చిత్రము కావలెనని అతడు వెనుకకును ముందుకును జరుపుచుండును. జరిపిన ప్రతిమారును కంప్యూటరు వెనుకటి నిలువ యొద్దకు పోయి లెక్కను మరల కట్టుకొని రావలెను. చూచినపుడు హాయిగా నడచిన వీడియో కూర్పు వేళ ఆగి ఆగి నడచుటకు కారణ మిదియే. ఇందు కెమెరా దోషము గాని కార్డు దోషము గాని లేదు.

ఇక యంత్రము మాట. ఈ లెక్క కట్టు పనిని త్వరగా చేయు ప్రత్యేక భాగమును ఇంటెల్ సంస్థ 2011 నుండి తన ప్రాసెసర్లలో క్విక్ సింక్ అను పేర చేర్చుచున్నది. నేడు అమ్మునవానిలో ఇట్టి భాగము సామాన్యముగా నుండును. కొన్ని రకములలో లేకపోవుటయు కలదు గనుక అడిగి తెలిసికొనవలెను. పాత యంత్రమును తక్కువ వెలకు కొనదలచినవారు మరియొక సంగతి గమనింపవలెను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ సంరక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11కి ఆ సంస్థ యంగీకరించిన ఇంటెల్ ప్రాసెసర్లు, ఒకటి రెండు తప్ప, 8వ తరమువి, ఆ పైవి. అంతకు ముందటివానికి డబ్బు పెట్టవలదు.

మెమరీ 16 గిగాబైట్లుండిన చాలును. పని చేయు డిస్కు ఎస్‌ఎస్‌డీ కావలెను. 512 గిగాబైట్లకు తగ్గినచో త్వరలోనే ఇరుకగును. ఆటల కొరకు చేసిన ఖరీదైన గ్రాఫిక్సు కార్డును అంగడివారు అంటగట్ట జూతురు. నాటకమును కత్తిరించి, అతికి, పేర్లు వేయుటకు దానితో పనిలేదు. డావించి రిజాల్వ్ వంటి ప్రోగ్రాము నేర్చి, రంగులు దిద్దు పని చేయగోరు పిల్లలకు మాత్రము అది యుపకరించును.

అసలు క్రొత్త యంత్రమే అక్కరలేని యిండ్లు కూడ కలవు. షాట్‌కట్, కేడెన్‌లైవ్ అను ప్రోగ్రాములు వెల లేకయే దొరకును. వానిలో ప్రాక్సీ అను సదుపాయము కలదు. ప్రతి వీడియోకును చిన్న నకలును యంత్రమే తయారు చేసికొనును. కూర్పంతయు ఆ నకళ్లతో నడపి, తుదిరూపము వెలువరించు వేళ అసలు చిత్రములనే వాడుకొనును. రాత్రి నకళ్ల పని పెట్టి పండుకొన్నచో ఉదయము 8 గిగాబైట్ల మెమరీ గల పాత యంత్రము మీదనైనను పని చేసికొనవచ్చును. క్రొత్తది కొనుటకు ముందు దీనిని ఒకమారు ప్రయత్నించి చూడవలెనని మా సలహా.

అమెరికా నుండి బంధువులు తెచ్చిన కెమెరా అయినచో సెకనుకు 30 చిత్రముల పద్ధతిలో నుండును. ఇచ్చటి దీపముల క్రింద ఆ చిత్రము ఒక్కొకప్పుడు మినుకు మినుకు మనుటయు కలదు. రెండు పద్ధతుల వీడియోలను ఒకే కూర్పులో కలిపినచో కదలికలు తడబడును. ఉత్సవమునకు ఒకే పద్ధతి కెమెరాలు వాడుట ఉత్తమము.

మనకు ప్రత్యేకమైన చిక్కు మరియొకటి కలదు. కొన్ని కూర్పు ప్రోగ్రాములలో తెలుగు అక్షరముల ఒత్తులు విడిపోవును, గుణింతములు చెదరును. ప్రోగ్రామునకు డబ్బు కట్టుటకు ముందే "శ్రీకృష్ణరాయబారము", "స్త్రీ", "లక్ష్మి" అను మాటలు అందు వ్రాసి చూడవలెను. అవి సరిగా రాకున్నచో వేరొక ప్రోగ్రాములో పేర్లు వ్రాసి, బొమ్మగా మార్చి అతికించుకొనవచ్చును. పిల్లవాని పేరు తప్పుగా పడిన వీడియోను ఏ తల్లియు ఇష్టపడదు.

యంత్రముపై మిగిలిన డబ్బుతో రెండు బయటి హార్డు డిస్కులు కొనుడు. మా దృష్టిలో ఇదియే అన్నిటికంటె ముఖ్యమైన ఖర్చు. హోసూరు ప్రాంతపు ముసలమ్మ మాట వేరు, బరంపురపు తాతగారి మాట వేరు, షోలాపురపు నేతగాండ్ర పలుకుబడి వేరు. మన పిల్లలు ఆ మాటలు తిరిగి పలుకుట లేదు. అవి కొన్ని యిండ్లలో కెమెరా కార్డులలో మాత్రమే యున్నవి. తదుపరి పుట్టినరోజునకు ఆ కార్డునే తుడిచి వాడుచున్నారు. కంప్యూటరు చెడినచో మరియొకటి కొనవచ్చును.

నకలు తీయునపుడు కార్డులోని సంచికనంతయు ఉన్నదున్నట్లు తీయవలెను. దీర్ఘమైన వీడియోను కెమెరా కొన్ని ముక్కలుగా దాచును. ఆ ముక్కలను కలుపు వివరము వేరుగా నుండును. వీడియో ముక్కలను మాత్రము ఏరి తెచ్చుకొన్నచో అతుకుల యొద్ద పద్యము నడుమ శబ్దము తెగుట కలదు. ఏవీసీహెచ్‌డీకి ముందు, 2003లో వచ్చిన హెచ్‌డీవీ పద్ధతి కెమెరాలు టేపులమీద పట్టెడివి. టేపును కంప్యూటరులోనికి దింపుటకు ఫైర్‌వైర్ అను ద్వారము కావలెను. క్రొత్త కంప్యూటర్లలో ఆ ద్వారము లేదు. కావున అది గల పాత యంత్రము ఇంటిలో నున్నచో, టేపులన్నియు దింపుకొనిన పిదపనే దానిని పాత సామానుల వానికి ఇయ్యవలెను.

రెండు డిస్కులలో ఒకటి ఇంటిలోను, రెండవది వేరొక ఊరి బంధువుల యింటను ఉంచుడు. కెమెరా వేసిన అంకెల పేర్లను విడిచి, ప్రతి సంచికకును మాటలాడిన వారి పేరు, ఊరు, సంవత్సరము తెలుగులో వ్రాయుడు.