పులి తన ఫోటో తానే తీసుకుంది

నూరేళ్ళ క్రితం మన దేశంలో పులి ఫోటో అంటే చాలావరకు చచ్చిన పులి ఫోటోయే. పులిని కొట్టిన దొరో, జమీందారో దాని పక్కన తుపాకీ పట్టుకుని నిలబడితే ఎవరో ఫోటో తీసేవారు. అడవిలో తన దారిన తాను నడిచిపోయే పులి ఎలా ఉంటుందో ఆ ఫోటోలు చూస్తే ఏం తెలుస్తుంది?

ఎఫ్. డబ్ల్యు. చాంపియన్ అనే ఇంగ్లీషు దొరకు ఈ వేట గిట్టలేదు. ఆయన హిమాలయాల దిగువ అడవులలో అటవీశాఖ ఉద్యోగి. పులి ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది; మనిషి అలికిడి అయితే తప్పుకుంటుంది. కెమేరా పట్టుకుని చీకట్లో దాని వెంట పడటం ఎలా? అందుచేత ఆయన ఫోటో తీసే పని పులికే అప్పగించాడు!

ముళ్ళపొదల్లో పడి నడవటం పులికి మాత్రం ఏం సరదా? బాట దొరికితే బాట వెంటే పోతుంది. చాంపియన్ అలాటి బాటకు అడ్డంగా సన్నని తీగ కట్టి, పక్కన కెమేరా అమర్చేవాడు. కాలు తీగకు తగలగానే మెగ్నీషియం పొడి భగ్గున మండేది, ఫోటో పడేది. చెప్పటం తేలికే! ముందుగా ఏ ముళ్ళపందో వచ్చి తీగను తన్నిందంటే ఆ రాత్రి ఫోటో ముళ్ళపందిదే. ఏళ్ళ తరబడి తంటాలు పడగా, 1925లో ఆయన తీసిన పులుల ఫోటోలు లండన్ పత్రికలో అచ్చయ్యాయి.

ఆ ఫోటోలను పక్కపక్కన పెట్టి చూస్తే మరొక వింత బయటపడింది. ఏ రెండు పులుల చారలూ ఒకలాగా ఉండవు, మన వేలిముద్రల లాగే.

చాలాకాలం మన అడవులలో పులులను అడుగుజాడలను బట్టి లెక్కపెట్టేవారు. రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో పులులున్నాయని 2004లో కూడా లెక్కల్లో రాసుకున్నారు. తీరా వెతికితే 2005 నాటికి అక్కడ ఒక్క పులి కూడా లేదు! దొంగవేటగాళ్ళకు బలి అయిపోయాయి. కాగితం మీద మాత్రం అవి క్షేమంగానే ఉన్నాయి.

ఇప్పుడు తీగ అక్కరలేదు. ఒంట్లో వేడి గల జంతువు కదిలితే చాలు, పసిగట్టి ఫోటో తీసే కెమేరాలు వచ్చాయి. వాటిని బాటకు రెండు పక్కలా కడతారు. ఎందుకంటే పులి కుడివైపు చారలూ, ఎడమవైపు చారలూ కూడా ఒకటి కావు! 2018-19 లెక్కకు దేశమంతటా 26,838 చోట్ల కెమేరాలు పెడితే 3 కోట్ల 48 లక్షల ఫోటోలు పడ్డాయి. వాటిలో పులులవి 76,651 మాత్రమే. చారలు పోల్చి, పిల్లలను వదిలేసి, 2,461 పులులను విడివిడిగా గుర్తుపట్టారు.

మన నల్లమలలో కృష్ణకు దక్షిణాన నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి, ఉత్తరాన అమ్రాబాదు అడవి ఉన్నాయి. అక్కడా పులులను ఇలాగే లెక్కిస్తున్నారు. ఏ బాటన పులి పోతుందో ఆ అడవులలో పుట్టి పెరిగిన చెంచులకు బాగా తెలుసు.