అడవిలో దాగని ఇంటిగుట్టు

ఇంటిగుట్టు లంకకు చేటు అని సామెత. గుట్టు బయటపడినందువలన కలిగే కీడును ఈ సామెత చెబుతున్నది. కాని గుట్టు గుట్టుగానే ఉండి, తరువాతి తరం మనస్సులో ముల్లువలె నిలిచిపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెదికే నవలలు ప్రపంచ సాహిత్యంలో అనేకం ఉన్నవి. వాటిలో చాలావాటికి రంగస్థలం జనసంచారం లేని ప్రదేశం. 1847లో ఎమిలీ బ్రాంటీ వ్రాసిన 'వదరింగ్ హైట్స్'లో గాలి కొట్టుకుపోయే బీడుభూముల నడుమ ఒంటరిగా నిలిచిన ఇల్లు ఆ కుటుంబంలోని మనుషులతో సమానమైన పాత్ర వహించినది. మనిషికి నలుగురూ తోడున్నప్పుడు మరుపు సులభం; నలుగురూ లేనిచోట జ్ఞాపకం గొంతు పెంచుతుంది.

తెలుగులో రహస్యం చుట్టూ కథ అల్లిన నవలలు రెండు విధాలుగా నడిచినవి. మొదటిది అపరాధ పరిశోధన. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ వేలాది పాఠకులకు పరిచితుడు. అటువంటి నవలలో రహస్యం తాళం వేసిన పెట్టె. చివరి ప్రకరణంలో పరిశోధకుడు దానిని తెరుస్తాడు, పాఠకుడు నిశ్చింతగా పుస్తకం మూస్తాడు. రెండవది మనస్తత్వ నవల. ఇందులో రహస్యం మొదటి పుటలలోనే తెలిసిపోవచ్చును. ఏమి జరిగినదన్నది ఇక్కడ ప్రశ్న కాదు; జరిగినదానిని మోస్తూ మనిషి ఎట్లా బ్రతుకుతాడన్నది ప్రశ్న. ఉత్కంఠ తక్కువేమీ కాదు, దాని స్థానం మారినది.

ఈ రెండవ మార్గంలో ప్రసిద్ధమైనది బుచ్చిబాబు నవల 'చివరకు మిగిలేది'. ఏలూరులో 1916లో జన్మించిన శివరాజు వెంకట సుబ్బారావు బుచ్చిబాబు పేరుతో వ్రాశాడు. ఆంగ్ల అధ్యాపకుడుగా అనంతపురంలో కొంతకాలం పనిచేసి, తరువాత ఆకాశవాణిలో ఉద్యోగించి, 1967లో మరణించాడు. 1946–47 నాటి ఈ నవలలో కథానాయకుడు దయానిధి వైద్యవిద్య చదివినవాడు. అతని తల్లి నడతను గూర్చి లోకం గుసగుసలాడుతుంది. ఆమె నిజంగా ఏమి చేసినదన్న దానికంటె ఆ గుసగుసలు కొడుకును ఏమి చేసినవన్నదే నవలకు ముఖ్యం. కోమలి, సుశీల, అమృతం, ఇందిర అతని జీవితంలోకి వస్తారు. ఎవరినీ అతడు నిబ్బరంగా ప్రేమించలేడు. తల్లిని ప్రేమించడమా, లోకంతో చేరి నిందించడమా అన్న సందిగ్ధం తేలనివాడు మరొక స్త్రీ ముందు ధైర్యంగా నిలువలేడని ఆ కథను బట్టి తెలుస్తుంది. షేక్‌స్పియర్ హామ్లెట్‌ను కలచివేసినది కూడా తల్లిని గూర్చిన ప్రశ్నయే అన్న సంగతి ఇక్కడ విద్యార్థులు గుర్తు చేసుకోవచ్చును.

దయానిధి చివరకు సర్కారు జిల్లాలను విడిచి రాయలసీమకు పోతాడు. తన కథ ఎరుగని ఎండునేలలో, వజ్రాలు దొరికే ప్రాంతంలో వైద్యుడుగా క్రొత్త జీవితం ప్రారంభిస్తాడు. సంపద, పలుకుబడి వస్తాయి. కాని మనస్సులోని వ్యథ అతనితోకూడా ప్రయాణం చేసి వచ్చినది. అతనిని ఆదరించిన ఆ నేలయే తుదకు పైనుండి వచ్చినవాడని పగబట్టగా, కట్టుకొన్నది కాలిపోతుంది. ఊరు మారిస్తే గుట్టు వదలదని తెలుసుకొనడానికి అతనికి అంత దూరం పోవలసి వచ్చినది.

మార్కాపురం, గిద్దలూరు పాఠకులకు ఈ ప్రయాణం మరింత బాగా అర్థం కావాలి. ఆ నవల వెలువడిన నాటికి ఈ ప్రాంతం కర్నూలు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చినది. గుంటూరునుండి గుంతకల్లు పోయే రైలుమార్గం ఆనాడు మీటర్ గేజి. మార్కాపురం, కంభం, గిద్దలూరు, దిగువమెట్ట దాటి ఆ బండి నల్లమలలో ప్రవేశిస్తుంది. సర్కారులనుండి సీమకు పోయేవానికి ఈ కొండలు ఒక గడపవంటివి. వెనుక పలకల గనులు, గుండ్లకమ్మపై విజయనగర కాలంనాటి కంభం చెరువు. ముందు లోయలు, సొరంగం, చీకటి. రహస్యం మోసే పాత్రకు ఇంతకంటె తగిన దారిని ఏ నవలాకారుడూ కల్పించనక్కరలేదు.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అడవి అనగానే భయం అని వ్రాయడం చాలమంది రచయితలకు అలవాటు. 1980 ప్రాంతాన యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' లక్షల పాఠకులను నిద్రపోనీయలేదు. పసిబిడ్డ చుట్టూ నడిచే ఆ కథలో ఆస్తి, పగ, శాస్త్రం, క్షుద్రం పెనుగులాడతాయి. కీడు మాత్రం నగరానికి దూరమైన అడవిపల్లెనుండి వస్తుంది. కథగా అది పట్టువిడువనిది. కాని అడవిలో ఉండేవారికి అడవి భయం కాదు. నల్లమల చెంచులకు అది ఇల్లు. వారు తమ పల్లెలను పెంటలంటారు. ఆస్ట్రియా దేశస్థుడైన మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెండార్ఫ్ చెంచుల మధ్య పరిశోధన చేసి 1943లో వారిని గూర్చి గ్రంథం ప్రకటించాడు. దుంపలు త్రవ్వుకొని, తేనె సేకరించి, కొద్ది గుడిసెలలో బ్రతికే సమాజం అది. ఒకచోట పొసగనివారు మరొకచోటి బంధువుల దగ్గరకు పోయి ఉండవచ్చును. పల్చని గోడల మధ్య, అందరూ అందరినీ ఎరిగినచోట, తరాలపాటు గుట్టు దాచడం కష్టం. గుట్టుకు దట్టమైన అడవికంటె దట్టమైన గోడలు, ఆస్తి, పరువు ఎక్కువ అవసరం.

కాబట్టి నల్లమలను నేపథ్యంగా తీసికొని కుటుంబ రహస్యం వ్రాయదలచిన యువకుడు మొదట తేల్చుకోవలసినది ఒకటున్నది. ఆ చీకటి అడవిదా, దానిలో నడచివచ్చిన మనిషిదా? బుచ్చిబాబు రెండవదని ఎంచాడు. అందుకే అతని నవలలో దయ్యం లేదు, హంతకుడు లేడు. అయినా పాఠకుని గుండె దడదడలాడుతుంది. ఉపాధ్యాయులు తరగతిలో ఈ భేదాన్ని విప్పి చెప్పితే, రోజూ బడి కిటికీలోనుండి నల్లమల కొండలను చూసే పిల్లలు తమ ప్రాంతాన్ని మారుమూల అనుకోవడం మానుతారు. ఎవరి ఇంటినుండి చూస్తే మారుమూల అని ఆలోచించడం నేర్చుకొంటారు. గిద్దలూరు పిల్లవాడు వ్రాసే నవలలో అడవికి పేర్లుంటాయి, దారులుంటాయి, అందులో నివసించేవారికి ముఖాలుంటాయి. ఇక భయమన్నది, ఎవరూ ఎత్తని ఆ ఒక్క మాట చుట్టూ రాత్రి భోజనానికి కూర్చున్న కుటుంబం మధ్య ఉంటుంది.