టొరెంట్ నడుస్తుంటే ఇంట్లో వీడియో కాల్ ఎందుకు ఆగిపోతుంది? మార్చాల్సిన అంకెలు ఇవీ

నెట్ స్లో అయిందంటే మన ఇళ్లలో మొదట తిట్లు తినేది కంపెనీ. తర్వాత రూటర్. ఆ తర్వాత "ఈ పాత విండోస్ లాప్‌టాప్ వల్లే, మ్యాక్ అయితే ఇలా ఉండదు" అనే మాట వస్తుంది. ఇక్కడ జిదాఫ్స్‌లో మా చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాల్లో ఎవరింట్లో నెట్ మొరాయించినా నన్ను పిలుస్తారు, కంప్యూటర్ల పని తెలిసినవాడినని. అలా వెళ్లినప్పుడు చాలాసార్లు అసలు కారణం ఇంట్లోనే దొరికింది. ఏదో ఒక లాప్‌టాప్‌లో, ఎవరికీ కనపడకుండా నడుస్తున్న టొరెంట్ ప్రోగ్రామ్. దాన్ని తీసిపారేయక్కర్లేదు. రెండు మూడు అంకెలు మారిస్తే చాలు. ఆ అంకెలేమిటో, అవి ఎందుకు పనిచేస్తాయో చెప్తాను.

ఎవరికి ఎవరు ఆగిపోతున్నారు?

మా పై అంతస్తులో రాజమండ్రి వైపు కుటుంబం ఒకటి ఉంటుంది. ఊళ్లో ఆవిడ వాళ్లమ్మగారికి మోకాలి ఆపరేషన్ అయింది. రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో నడక ఎలా ఉందో, కట్టు ఎలా ఉందో చూసుకునేవారు. ఇక్కడ ఆరు గంటలంటే అక్కడ ఎనిమిదిన్నర. పెద్దావిడ మందులేసుకుని పడుకునేలోపు దొరికేది ఆ అరగంటే. వీళ్లకి అమ్మ చక్కగా కనిపించేది, ఆవిడకి మాత్రం కూతురి బొమ్మ కదలకుండా నిలబడిపోయేది. "ఏమ్మా, పలకవేంటి?" అని ఆవిడ, "మాట్లాడుతూనే ఉన్నానమ్మా" అని ఈవిడ. చివరికి నెలకి ఇంకొన్ని దినార్లు కట్టి పెద్ద ప్యాకేజీకి మారారు. డౌన్‌లోడ్ స్పీడ్ పెరిగింది. కాల్ మాత్రం అలాగే ఉంది.

ఇక్కడే ఒక గుర్తు ఉంది. వాళ్లు మనకి బాగా కనిపిస్తూ, మనం వాళ్లకి ఆగిపోతుంటే, ముందు అనుమానించాల్సింది మన అప్‌లోడ్‌ని. అవతలి వైపు సిగ్నల్ బలహీనంగా ఉన్నా ఇలా జరగొచ్చు కాబట్టి ఇంట్లో వేరే ఫోన్ నుంచి, వేరే ఊరి చుట్టాలకి కూడా ఒకసారి కాల్ చేసి చూడాలి. వీళ్ల విషయంలో ఎవరికి చేసినా అదే కథ. ఇంజనీరింగ్ చదువుతున్న వాళ్లబ్బాయి కాలేజీ పని కోసం ఉబుంటుని టొరెంట్‌లో దించుకున్నాడు. ఫైల్ ఎప్పుడో వచ్చేసింది. ప్రోగ్రామ్ మాత్రం దాన్ని ఊళ్లో వాళ్లందరికీ పంచుతూనే ఉంది, అప్‌లోడ్‌కి ఏ హద్దూ లేకుండా.

అప్‌లోడ్ నిండితే అన్నీ ఎందుకు ఆగుతాయి?

బ్రామ్ కోహెన్ 2001లో తయారుచేసిన బిట్‌టొరెంట్ పద్ధతిలో ఫైల్ ఒకే చోటి నుంచి రాదు. ముక్కలు ముక్కలుగా వందలమంది నుంచి వస్తుంది. మనకి వచ్చిన ముక్కల్ని మనం మిగతావాళ్లకి ఇస్తూ ఉంటాం. పుచ్చుకున్నవాడు ఇవ్వాలన్నది అందులోని నియమం. ఫైల్ పూర్తయ్యాక కూడా ఇవ్వడం ఆగదు. దాన్నే సీడింగ్ అంటారు.

చాలా ఇంటి ప్యాకేజీల్లో డౌన్‌లోడ్ ఎక్కువ, అప్‌లోడ్ తక్కువ. టొరెంట్ ఆ తక్కువదాన్ని నింపేస్తే మిగిలిన డేటా రూటర్‌లో వరస కడుతుంది. లెక్క చూడండి. అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్, రూటర్‌లో వరస కట్టే చోటు 1 మెగాబైట్ అనుకుందాం. 1 మెగాబైట్ అంటే 8 మెగాబిట్లు. దాన్ని 5తో భాగిస్తే 1.6 సెకన్లు. అంటే మీరు "హలో" అన్న మాట ఇల్లు దాటడానికే సెకనున్నర పైన. మాటలు సాఫీగా సాగాలంటే ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకపోతే మంచిదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంస్థ ప్రమాణం. మనది దానికి పది రెట్లు.

డౌన్‌లోడ్ కూడా దెబ్బతింటుంది. వెబ్‌సైట్ నుంచి ఏదైనా వస్తున్నప్పుడు "అందింది, ఇంకా పంపు" అని మన వైపు నుంచి చిన్న రసీదులు వెళ్తుంటాయి. ఆ రసీదులు కూడా అదే వరసలో ఇరుక్కుంటే, అవతలివాడు నిదానిస్తాడు. అందుకే పెద్ద ప్యాకేజీ ఉన్నా పిల్లల పాఠం వీడియో గుండ్రంగా తిరుగుతూ కూర్చుంటుంది. ఈ జబ్బుకి జిమ్ గెటీస్ అనే ఇంజనీరు సుమారు 2010లో బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు.

విండోసా, మ్యాకా, లినక్సా?

బహ్రెయిన్‌లో ఉన్నవాళ్లకి ఒక్క మాటలో చెప్పొచ్చు. గురువారం రాత్రి సౌదీ కాజ్‌వే మీద వరస గుర్తు తెచ్చుకోండి. వరస కట్టేది చెకింగ్ కౌంటర్ల దగ్గర. మీది ల్యాండ్ క్రూజరా, పాత కరోలానా అన్నదాంతో దానికి పనిలేదు. అలాగే ఇంటి నెట్‌లో ఇరుకైన చోటు రూటర్ నుంచి బయటికి వెళ్లే దారి. లాప్‌టాప్‌లో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నా వరస అక్కడే పడుతుంది. ఒకరి లాప్‌టాప్ వేసిన వరసలో ఇల్లంతా నిలబడుతుంది.

పైగా ఇప్పుడు విండోస్, మ్యాక్, లినక్స్ మూడూ నెట్‌కి డేటా పంపే వేగాన్ని క్యూబిక్ అనే ఒకే తరహా పద్ధతిలో సర్దుకుంటున్నాయి. టొరెంట్ ప్రోగ్రామ్‌లైతే చాలావరకు యూటీపీ అనే తమ సొంత పద్ధతి వాడతాయి. అది వరస పెరుగుతోందని పసిగట్టి తనంతట తాను తగ్గుతుంది, ఏ సిస్టమ్‌లోనైనా ఒకేలా. 2012లో ప్రచురితమైన లెడ్‌బ్యాట్ అనే సూత్రం కూడా ఇదే. కానీ అందులో కూడా 100 మిల్లీసెకన్ల వరకు ఆలస్యం కలపడానికి అనుమతి ఉంది. అవతలివాళ్ల ప్రోగ్రామ్ యూటీపీ వాడకపోతే మామూలు టీసీపీలో వెళ్తుంది, దానికి ఆ మర్యాద కూడా లేదు. అందుకే హద్దు మనమే పెట్టాలి.

ఇంకో పాత నమ్మకం. విండోస్ ఎక్స్‌పీలో 2004లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2, సగంలో ఉన్న కనెక్షన్లని ఒకేసారి 10కి పరిమితం చేసింది. దాన్ని తొలగించే ప్యాచ్‌లు అప్పట్లో తెగ తిరిగాయి. విండోస్ 7 నాటికే ఆ పరిమితి లేదు. ఇప్పటికీ "స్పీడ్ పెంచే ప్యాచ్" అని ఎవరైనా పంపితే ముట్టుకోకండి.

మార్చాల్సిన అంకెలు

మొదట టొరెంట్ పూర్తిగా మూసేసి స్పీడ్ టెస్ట్ చేయండి. అందులో అప్‌లోడ్ అంకె రాసుకోండి. అది మెగాబిట్లలో ఉంటుంది, టొరెంట్ ప్రోగ్రామ్ కిలోబైట్లలో అడుగుతుంది. తికమక అక్కడే. ఒక సులువు చెప్తాను.

అప్‌లోడ్ అంకెని 100తో గుణించండి. అది మీ సామర్థ్యంలో 80 శాతం. 20 ఎంబీపీఎస్ అయితే 2000 కిలోబైట్లు. అందరూ పడుకున్నాక పెట్టుకోవాల్సిన హద్దు ఇది.

అదే అంకెని 30తో గుణించండి. అది దాదాపు పావు వంతు. 20 ఎంబీపీఎస్‌కి 600 కిలోబైట్లు. ఇంటికి కాల్ చేసే వేళ, పిల్లల ఆన్‌లైన్ క్లాసు వేళ ఇది ఉండాలి.

హద్దు పెట్టమన్నాను కదా అని 5, 10 కిలోబైట్లు పెట్టకండి. ఇవ్వనివాడికి టొరెంట్‌లో ముక్కలు సరిగా రావు. చాలా ప్రోగ్రామ్‌లలో ఆ గడిలో సున్నా ఉంటే హద్దు లేదనే అర్థం. పడుకున్న ఎనిమిది వంటి గుర్తు కనిపించినా అదే అర్థం.

రెండో అంకె కనెక్షన్ల సంఖ్య. ఒక్కో కనెక్షన్‌కి రూటర్ తన పట్టికలో ఒక గడి రాసుకోవాలి. చిన్న రూటర్లు, సిమ్‌తో నడిచే హోమ్ రూటర్లు వందల కనెక్షన్లకి ఉక్కిరిబిక్కిరి అవుతాయి. స్పీడ్ వాడకం తక్కువగా ఉన్నా కొత్త పేజీ ఏదీ తెరుచుకోకపోతే అనుమానం దీని మీదే. మొత్తం 150 నుంచి 200, ఒక్కో టొరెంట్‌కి 40 నుంచి 50 ఉంటే ఇంటికి సరిపోతుంది.

ఏ ప్రోగ్రామ్‌లో ఎక్కడ?

క్యూబిట్‌టొరెంట్ విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ ఒకేలా ఉంటుంది. సెట్టింగ్స్‌లో స్పీడ్ అన్న చోట పైన మామూలు హద్దు, కింద ప్రత్యామ్నాయ హద్దు, దాని కిందే ఏ వేళ నుంచి ఏ వేళ దాకా అన్న షెడ్యూల్ ఉంటాయి. సాయంత్రం ఐదు నుంచి పదకొండు దాకా 30తో గుణించిన అంకె పెట్టేయండి. యూటీపీకి కూడా హద్దు వర్తించాలన్న టిక్ ఉందో లేదో చూడండి. అది లేకపోతే మీరు పెట్టిన హద్దుని ఎక్కువ భాగం దాటేస్తుంది. కనెక్షన్ అన్న చోట మొత్తం 500, ఒక్కోదానికి 100 అని ముందే ఉంటాయి, తగ్గించండి.

మ్యాక్‌లోనూ ఉబుంటులోనూ ఎక్కువమంది వాడేది ట్రాన్స్‌మిషన్. అందులో తాబేలు బొమ్మ ఉంటుంది. అది నొక్కితే తక్కువ హద్దులోకి వెళ్తుంది. సెట్టింగ్స్‌లో తాబేలుకి కూడా వేళలు పెట్టొచ్చు. కనెక్షన్లు 200, 50 అని ముందే ఉంటాయి, వాటిని కదపక్కర్లేదు.

మూసే తీరులో మాత్రం సిస్టమ్‌ల మధ్య తేడా ఉంది. విండోస్‌లో మూల ఉన్న ఇంటూ గుర్తు నొక్కితే టొరెంట్ ప్రోగ్రామ్ చాలాసార్లు కింద గడియారం పక్కకి వెళ్లి దాక్కుంటుంది. అక్కడ కుడి క్లిక్ చేసి ఎగ్జిట్ కొట్టాలి. మ్యాక్‌లో ఎర్ర చుక్క విండోనే మూస్తుంది, ప్రోగ్రామ్‌ని కాదు. కమాండ్, క్యూ కలిపి నొక్కాలి. లినక్స్‌లో డీమన్ రూపంలో పెట్టుకుంటే విండో అనేదే ఉండదు. కంప్యూటర్ ఆన్ అవగానే తనంతట తాను మొదలయ్యే టిక్ తీసేయడం మంచిది.

టొరెంట్ ఒక్కటే కాదు

విండోస్ 10, 11లో అప్‌డేట్ సెట్టింగ్స్ లోపల డెలివరీ ఆప్టిమైజేషన్ అని ఉంటుంది. అప్‌డేట్ ముక్కల్ని ఇతర కంప్యూటర్లకి పంచే ఏర్పాటు అది. ఇంటర్నెట్‌లోని కంప్యూటర్లకి కూడా అని ఉంటే, మీ ఇంటి నెట్‌వర్క్ వరకే అని మార్చండి. ఊరెళ్లి వచ్చాక ఫోన్‌లోని వందల ఫోటోలు గూగుల్ ఫోటోస్‌కి, ఐక్లౌడ్‌కి ఎక్కేటప్పుడూ అచ్చం ఇదే జరుగుతుంది. ఫోన్‌లో బ్యాకప్‌ని కాసేపు ఆపండి. రూటర్ మీ సొంతదైతే, అందులో వరసని సరిచేసే ఎస్‌క్యూఎం సదుపాయం ఉందేమో చూడండి. అది ఉంటే ఒక్కసారి పెట్టి మరిచిపోవచ్చు.

ఇంకో ముఖ్యమైన సంగతి

టొరెంట్ పద్ధతి దానికదే నేరం కాదు. ఉబుంటు, లిబ్రే ఆఫీస్ వాళ్లే టొరెంట్ ఇస్తారు. పాత తెలుగు పుస్తకాలు ఎన్నో ఉన్న ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా 2012 నుంచి టొరెంట్‌లు ఇస్తోంది. కానీ కొత్త సినిమా దించుకుంటే మాత్రం, పైన చెప్పిన నియమం ప్రకారం మీరు చూడటమే కాదు, మీ ఇంటి కనెక్షన్ పేరు మీద దాన్ని పంచుతున్నారు కూడా. బహ్రెయిన్‌లో కాపీరైట్ రక్షణకి 2006 నాటి 22వ నంబరు చట్టం ఉంది. ఇండియాలో 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం పైరసీకి మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు అంటోంది. కనెక్షన్ తీసుకున్నది మన సీపీఆర్ కార్డు మీద. ఫ్లాట్‌లో నలుగురు కలిసి వైఫై వాడుకునేవాళ్లు ఈ మాట ఒకసారి కూర్చుని మాట్లాడుకోవాలి.

సరిగ్గా పెట్టామా లేదా?

ఫాస్ట్ డాట్ కామ్ తెరిచి, టెస్ట్ అయ్యాక మరింత సమాచారం చూపించమన్న బటన్ నొక్కండి. ఖాళీగా ఉన్నప్పుడు ఎంత ఆలస్యం, భారం ఉన్నప్పుడు ఎంత ఆలస్యం అని రెండు అంకెలు మిల్లీసెకన్లలో చూపిస్తుంది. మ్యాక్‌లో 2021 నాటి మాంటెరీ నుంచి ఇలాంటి పరీక్షే నెట్‌వర్క్ క్వాలిటీ అన్న పేరుతో టెర్మినల్‌లో ఉంది. టొరెంట్‌ని హద్దులతో నడుపుతూ, ఖాళీగా ఉన్నప్పటి అంకె చూడండి. టొరెంట్ మూసేసినప్పటి అంకెకి దగ్గరగా ఉంటే పని అయినట్టే. వందల్లోకి పోతుంటే హద్దు ఇంకాస్త తగ్గించండి.

పెద్ద ప్యాకేజీకి మారే ఫారం మీద సంతకం పెట్టేముందు ఈ పరీక్ష ఒక్కటి చేయండి. అరగంట పని. దినార్లు మిగలొచ్చు, మిగలకపోవచ్చు. సాయంత్రం ఎనిమిదిన్నరకి అక్కడ ఫోన్ పట్టుకుని ఎదురుచూసేవాళ్లకి మాత్రం మన మొహం కదులుతూ కనిపిస్తుంది.